వారానికి ఒక్క పూట

"మిసెస్ ప్రాసర్ గారేనా అండీ?"

ఫోనులో ఆ గొంతు అలా అడగ్గానే రోవెనాకి నవ్వొచ్చింది. పెళ్లయి ఏడాదే అయింది. ఎవరైనా మిసెస్ ప్రాసర్ అంటే ఇప్పటికీ అత్తగారిని పిలుస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూస్తుంది. ఇప్పుడూ చూసింది. అత్తగారు గ్లెనిస్ వెనకే ఉంది, కాల్చిన రొట్టె ముక్కలకి వెన్న రాస్తూ. గారెత్ కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడి, బస్సు డ్రైవరు చొక్కాకి గుండీలు పెట్టుకుంటున్నాడు.

నిన్న సాయంత్రం నుంచి ఆ వంటింట్లో చెంచాల చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. "ఉద్యోగం మానేస్తాను. ఇంట్లో ఉండి నీ పనికి సాయం చేస్తాను," అని గారెత్ అన్నాడు. "నువ్వు బస్సు దిగిన రోజు నేను ఉలి ముట్టను," అని రోవెనా అంది. గ్లెనిస్ టీ పెట్టింది. ఆ మాటలు అక్కడే ఆగిపోయాయి.

"నేనేనండీ," అంది రోవెనా.

"నా పేరు హీథర్. పనిసాయం ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. మీ అర్జీ మంజూరైందండీ."

పోయిన చలికాలం పెట్టిన అర్జీ. ఒళ్లు సహకరించక పని సాగనివాళ్లకి సర్కారు చెయ్యందించే పథకం అది. జీతమిచ్చే యజమాని లేకపోయినా, తనలా బొమ్మలు చేసి అమ్ముకుని బతికేవాళ్లకి కూడా ఇస్తారని తెలిసి పెట్టింది. రోవెనాకి చిన్నప్పటి నుంచి కీళ్లవాతం. నడక ఎప్పుడో చక్రాల కుర్చీ పాలైంది. మెత్తటి రబ్బరులాంటి లినో పలక మీద సన్నటి ఉలితో గీతలు చెక్కడం వరకే చేతులు మాట వింటాయి. పలకకి సిరా పట్టించడం, పెద్ద కాగితం ఎత్తి పరచడం, అచ్చు యంత్రం చక్రం తిప్పడం వేరే చేతులతో కావలసిన పనులు. అచ్చు సరిగా పడనివి తీసెయ్యగా మిగిలిన బొమ్మలే ఆమె సంతకానికి వస్తాయి.

"పని మీద బయటికి వెళ్లిరావడానికి టాక్సీ ఖర్చులు ఇస్తాం," హీథర్ చెప్పుకుపోతోంది. "ఎత్తు పెంచుకునీ తగ్గించుకునీ కూర్చునే కుర్చీ ఒకటి. యంత్రం దగ్గర సాయానికి మనిషి, సోమవారం ఒక పూట. మిగతా రోజులు ఇంట్లోవాళ్లు చూసుకుంటున్నారు కాబట్టి అంతవరకూ. సరిపోతుంది కదండీ?"

రోవెనా చెవులు కుర్చీ దగ్గరే ఆగిపోయాయి. ఎత్తు మారే కుర్చీ! పలక మీదకి వంగి వంగి మెడ పట్టేసే బాధ ఉండదిక. ఆకుపచ్చ రంగులో దొరుకుతుందేమో.

"సరిపోవడమేమిటండీ! ధారాళంగా సరిపోతుంది. మీకు చాలా శ్రమ ఇచ్చాను."

ఫోను పెట్టేసి ఇటు తిరిగేసరికి ఇద్దరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు.

"వచ్చింది," అంది.

గారెత్ ఒక్క అంగలో వచ్చి, చక్రాల కుర్చీ పట్టుకుని, వంటింటి మధ్యలో గిర్రున రెండు చుట్లు తిప్పాడు. రొట్టె పళ్లెం అంచు తగిలి ఒక ముక్క కింద పడింది, వెన్న వైపు నేలకి. ఎవరూ పట్టించుకోలేదు. గ్లెనిస్ ఏప్రనుతో కళ్లొత్తుకుని, ఆ చేత్తోనే నేల తుడిచి, ఆ చేత్తోనే కెటిల్ స్విచ్చి నొక్కింది.

బయట ఆటుకి మోర్‌కామ్ బే సముద్రపు నీళ్లు వెనక్కి పోయి, తడి ఇసుక మైళ్ల కొద్దీ తళతళలాడుతోంది. ఆ ఇసుక మీద తిరిగే ఎర్రముక్కు నీటిపిట్టల్నే రోవెనా ఇప్పుడు చెక్కుతోంది. ఊళ్లో కొత్తగా కడుతున్న ఆరోగ్య కేంద్రానికి, గదికొకటి చొప్పున పెద్ద పెద్ద బొమ్మలు కావాలన్నారు. ఆమె చేతికి వచ్చిన మొదటి పెద్ద పని. శరత్కాలం లోపల గోడలకెక్కాలి.

"అయితే నేను డిపోలో ఏం చెప్పక్కర్లేదన్నమాట," అన్నాడు గారెత్.

"అక్కర్లేదన్నమాట. నువ్వు నీ బస్సు నడుపుకో. నేను దారిలో ఎక్కి కూర్చుని, డ్రైవరుతో మాట్లాడకూడదన్న బోర్డు కిందే కూర్చుని మాట్లాడతాను."

"అలా మాట్లాడే కదా పెళ్లిదాకా తెచ్చావు."

"నా కుర్చీ ఎక్కే ర్యాంపు దించడానికి అంతసేపు తీసుకున్నదెవరు? బస్సు నిండా జనం గొణుక్కుంటున్నారు."

"ర్యాంపు బిగుసుకుపోయింది."

"రోజూనా?"

గ్లెనిస్ నవ్వింది. నిన్నటి నుంచి ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. "సాయంత్రం రొయ్యలు తెస్తాను," అంది. "వెన్నలో ముంచి పెట్టినవి. పండగ చేసుకుందాం."

"మనిషి ఏయే రోజులొస్తారట?" గారెత్ టోపీ వెతుక్కుంటూ మామూలుగా అడిగాడు.

రోవెనా నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఫోనులో విన్న మాటలు ఇప్పుడు ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా కూర్చున్నాయి.

"సోమవారం," అంది నెమ్మదిగా. "ఒక పూట."

"సోమవారం నుంచి మొదలా?"

"కాదు. వారానికి... ఒక్క పూట."

"మనం నాలుగు రోజులడిగాం కదా!"

"మిగతా రోజులు ఇంట్లోవాళ్లు చూసుకుంటున్నారు కాబట్టి, అంది."

"అలాగని వాళ్లతో ఎవరన్నారు?"

గ్లెనిస్ చేతిలోని కత్తి వెన్నలో దిగి అక్కడే ఆగింది.

కెటిల్ మరిగి, టక్కుమని దానంతటదే ఆగిపోయింది.

"అమ్మా," అన్నాడు గారెత్. "వసంతంలో చూసిపోవడానికి ఆ ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. నేను డ్యూటీలో ఉన్నాను. నువ్వు ఆవిడకి ఏం చెప్పావు?"

"నేనేం చెప్పాను? ముందు గదిలో రోవెనా చూపించాల్సిందంతా చూపించింది. తర్వాత ఆవిడ వంటింట్లోకొచ్చింది. టీ, నేను కాల్చిన స్కోన్లు ఇచ్చాను. యంత్రం ఎవరు తిప్పుతారండీ అంది. నేనేనన్నాను. మీకు కష్టంగా ఉండదా అంది." గ్లెనిస్ కత్తి పైకి తీసి, శుభ్రంగానే ఉన్నదాన్ని మళ్లీ తుడిచింది. "ఇబ్బందేం లేదండీ, మేం చూసుకుంటున్నాం, అన్నాను. అంతే."

రోవెనా కళ్లు మూసుకుంది.

ముప్పై ఏళ్లు ఆ ఇంటి గదులు అద్దెకిచ్చి, సముద్రం చూడ్డానికొచ్చినవాళ్లకి పొద్దున్నే గుడ్లూ బేకనూ వండిపెట్టిన మనిషి గ్లెనిస్. పడుకునే వేళకి వేడినీళ్లడిగినా ఇబ్బందేం లేదండీ. పిల్లాడు పరుపు తడిపినా ఇబ్బందేం లేదండీ. పై కప్పు కారి మంచం మీద బకెట్టు పెట్టాల్సొచ్చినప్పుడు, ఆ బకెట్టు పక్కనే నిలబడి, ఆ మాటే అందట. ఊపిరి తీసి వదిలినంత తేలిగ్గా వస్తుంది ఆవిడకి.

"ఆవిడ మన గెస్టు కాదు గ్లెనిస్," అంది రోవెనా. ఆ ఇంట్లో గొంతులు పెంచే అలవాటు లేదు. కోపం వస్తే ఇంకా తగ్గుతాయి. "మనకి ఏది చేతకాదో చూసి రాసుకోడానికొచ్చింది."

"ఇంటికొచ్చిన మనిషి ముందు మన బాధలన్నీ తాడు మీద బట్టల్లా ఆరేసుకోమంటావా?"

"ఆరేసుకోమనే కదా ఆవిణ్ణి పంపిందీ!"

"స్కోన్లు చాలా బాగున్నాయంది."

"బాగుండవూ? రెండు స్కోన్లూ తింది, నా మూడున్నర రోజులూ తినేసింది."

"ఆవిణ్ణేం అనకు. నేను చెప్పిందే రాసుకుంది పాపం."

"నేనూ అదే అంటున్నాను!"

గారెత్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అడగందే అమ్మయినా పెట్టదంటారు," అన్నాడు. "మా అమ్మతో వచ్చిన చిక్కే అది. అడక్కపోయినా పెట్టేస్తుంది."

"నువ్వు నవ్వించకు," అంది రోవెనా.

"నవ్వించట్లేదు. ఇంకో మాట అడుగుతాను, కోప్పడకు. ఇందాక ఆ హీథర్ ఫోనులో, సరిపోతుందా అని అడిగింది కదూ? నువ్వేమన్నావు?"

రోవెనా టేబుల్ మీది రొట్టె పొడిని వేలితో ఒక పక్కకి పోగుచేసింది.

"నేను కుర్చీ గురించి అనుకున్నాను."

"ధారాళంగా, అన్నావు."

"విన్నాను, నేనన్నదే కదా."

"మీకు చాలా శ్రమ ఇచ్చాను, అని కూడా అన్నావు. అత్తకి తగ్గ కోడలివి. మా అమ్మ తర్వాత ఈ బోర్డింగ్ హౌసు నీకే."

గ్లెనిస్ ఒకసారి కోడలి వైపు చూసింది. ఆ చూపులో దెప్పిపొడుపు లేదు. అదుంటేనే తేలిగ్గా ఉండేదనిపించింది రోవెనాకి.

గారెత్ లేచి టోపీ పెట్టుకున్నాడు. "వెళ్లొస్తా."

"డిపోలో ఇవాళ ఏం చెప్పకు."

వంగి ఆమె నడినెత్తిన ముద్దు పెట్టాడు. అతని చొక్కా నుంచి ఇస్త్రీ వాసన, కాలిన రొట్టె వాసన కలిసి వచ్చాయి. ఆ రెండూ కలిసిన వాసన ఇంత ఇష్టమవుతుందని పెళ్లికి ముందు ఎవరైనా చెబితే నమ్మేది కాదు.

తలుపు మూసుకున్నాక గుర్తొచ్చింది. చెప్పనని అతను అనలేదు.

*

బోర్డింగ్ హౌసులో ఒకప్పటి భోజనాల గదే ఇప్పుడు రోవెనా పనిగది. గోడకి ఇంకా 'అల్పాహారం ఎనిమిది నుంచి' అన్న బోర్డు ఉంది. తియ్యడానికి ఆమెకే మనసొప్పలేదు. కిటికీ పక్కన ఇనప యంత్రం, దాని పక్కన ఓడ నడిపే చక్రమంత పెద్ద చక్రం.

మధ్యాహ్నం అత్తాకోడళ్లిద్దరూ పనిలో దిగారు. గ్లెనిస్ పలకకి సిరా పట్టించింది. కాగితాన్ని రెండు కొసలూ పట్టుకుని, పడుకున్న పిల్ల మీద దుప్పటి కప్పినట్టు పరిచింది. అచ్చు సమంగా పడేందుకు పైన కంబళి కప్పింది. చక్రం పట్టుకుంది.

రోవెనా ఎప్పుడూ యంత్రం లోపలికి పోయే పలకనే చూస్తుంది. ఇవాళ చక్రం వైపు చూసింది.

గ్లెనిస్ కుడిచెయ్యి చక్రాన్ని భుజం ఎత్తు దాకా లాగి ఆగింది. ఎడమచెయ్యి వెళ్లి ఆ కుడి మోచేతిని కింద నుంచి పట్టుకుని, పైకి నెట్టింది. మళ్లీ లాగింది. మళ్లీ నెట్టింది. మొహం మాత్రం కిటికీ వైపు, సముద్రం చూస్తున్నట్టు.

"ఎప్పటి నుంచి?" అంది రోవెనా.

"ఏంటి తల్లీ?"

"భుజం."

"అదా? ఇబ్బందేం..."

రోవెనా కుర్చీ ముందుకు తోసుకుని, తన వంకర వేళ్లు తీసి చక్రం మీద పెట్టింది. ఆపగలిగే బలం వాటికి లేదు. కానీ గ్లెనిస్ ఆగిపోయింది.

"నేను మీ గెస్టుని కాను గ్లెనిస్."

బయట వీధిలో ఎవరో కుక్కని పిలుస్తున్నారు. అది వచ్చినట్టు లేదు, పిలుస్తూనే ఉన్నారు.

"ఈస్టర్ నుంచి," అంది గ్లెనిస్ చివరికి. "రాత్రిళ్లు ఆ వైపు తిరిగి పడుకోలేను."

"ఆవిడ వచ్చింది ఈస్టర్ తర్వాతే!"

"అవును."

"భుజం అంత నొప్పిగా ఉన్నప్పుడే ఆ మాటన్నారా? మర్యాదకా?"

గ్లెనిస్ స్టూలు మీద కూర్చుంది. సిరా అంటిన చేతులు ఒళ్లో పెట్టుకోలేక, గాల్లో పట్టుకుంది.

"సగం మర్యాదకే. నోటికి అలవాటైన మాట." ఆగింది. "సగం కాదు. ఎవరో పిల్ల వస్తుంది. కుర్రది, భుజాలున్నది. నాలుగు రోజులూ ఈ గదిలో ఆ చక్రం తిప్పుతుంది. నేను టీ పట్టుకొచ్చి, ఎక్కడ పెట్టమంటారండీ అని గుమ్మంలో నిలబడతాను. గారెత్ వాళ్ల నాన్న పోయి, అద్దె గదుల బోర్డు దింపేశాక, పై గదుల్లో ఎవరూ పడుకోని పక్కలకి దుప్పట్లు మార్చేదాన్ని తెలుసా? వారం వారం. నువ్వొచ్చి ఈ యంత్రం పెట్టాకే మానేశాను."

పొద్దుట్నుంచీ అత్తగారి మీద పెంచుకున్న కోపం చేతిలోనే ఉంది గానీ, ఎక్కడ పెట్టాలో రోవెనాకి తెలియలేదు.

"ముందు కాగితం తియ్యండి," అంది. "ఎండిపోతుంది."

మిగిలిన చుట్టు ఇద్దరూ కలిసి తిప్పారు. రోవెనా చేతులు ఊరికే చక్రం మీద ఉన్నాయంతే. గ్లెనిస్ కాగితం కొస పట్టుకుని ఎత్తింది. తడి ఇసుక మీద పదకొండు పిట్టలు, అన్నీ ఒకే గాలికి ఎదురుగా.

గ్లెనిస్ తల ఒక పక్కకి వంచి చూసింది. "ఆ చివరి పిట్ట బాలేదు. కాళ్లు లావు. బాతులా ఉంది."

రోవెనాకి నవ్వాగలేదు. "చూశారా? బొమ్మ బాగోకపోతే ఒక్క నిమిషం ఆగరు. గారెత్‌కి నేను చెక్కిందల్లా బాగుంటుంది. కొన్నవాళ్లు అందంగా ఉందంటారు. బాతులా ఉందని చెప్పే మనిషి నాకు ఒక్కరే ఉన్నారు. చక్రం ఎవరైనా తిప్పుతారు గ్లెనిస్. కాగితం ఎత్తి చూసేది మీరే."

"వచ్చే పిల్లకి కళ్లుండవా?"

"ఉంటాయి. ధైర్యం ఉంటుందా? నేను జీతమిస్తున్నానని బాతుని హంస అంటుంది."

గ్లెనిస్ మూతి బిగించుకుంది, నవ్వు బయటపడకుండా. తర్వాత ఎడమచేత్తో బొమ్మని తీగ మీద ఆరేసింది. కుడిచెయ్యి ఎత్తలేదు. దాచాలని కూడా చూడలేదు.

*

గారెత్ వచ్చేసరికి పొద్దు బే మీద పడుకుని, వంటిల్లంతా బంగారు రంగు చేసింది. టేబుల్ మీద వెన్నలో ముంచిన రొయ్యలు, వేడి రొట్టె, నిమ్మకాయ ముక్కలు. పండగ చేసుకోవడం మానేద్దామని ఎవరికీ తోచలేదు. ముగ్గురూ బాగానే తిన్నారు.

"భుజం సంగతి డాక్టరుకి చూపించాలి," అంది రోవెనా. జరిగినదంతా అప్పటికే చెప్పేసింది.

గారెత్ తల్లి వైపు చూశాడు. ఏదో అనబోయి, నిమ్మకాయ ముక్క పిండాడు. అందులో రసం లేదు. అయినా పిండుతూనే ఉన్నాడు.

"చెప్పేశావు కదూ డిపోలో?" అంది రోవెనా.

"చెప్పాను."

వంటింట్లో మళ్లీ చెంచాలు మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి.

"రాజీనామా కాగితం రాసిచ్చాను. మా సూపర్‌వైజరు మంచోడు. రేపు పదింటికి గానీ పైకి పంపడట. ఈలోగా బుద్ధొస్తే చెప్పు, అన్నాడు."

"నేను వద్దన్నాను."

"అన్నావు. అమ్మ చెయ్యి నాకు కనబడుతూనే ఉంది రో. నువ్వు పలక వైపు చూస్తావు. నేను సాయంత్రం వచ్చేసరికి, అమ్మ ఎడంచేత్తో టీ పోస్తుంటుంది. ఆ బొమ్మలు గోడకెక్కాలి, అమ్మ చెయ్యి ఉండాలి. మిగిలిందెవరు?"

ఇరుకు సందుల్లో అంత పొడుగు బస్సుని ఒక్క చేత్తో తిప్పేటప్పుడు అతని మొహం ఎలా ఉంటుందో రోవెనాకి తెలుసు. మొదటిసారి ప్రేమించింది ఆ మొహాన్నే.

"వాళ్లకి మళ్లీ ఫోన్ చెయ్యొచ్చు," అంది. "మళ్లీ చూడమని అడిగే హక్కుంది. కానీ ఈ ఇంట్లో అడగడం చేతనైన మనిషి లేరు."

"నేర్చుకుందాం," అన్నాడు గారెత్. చెంచా తీసి ఫోనులా చెవికి పెట్టుకుని, గొంతు సన్నగా చేశాడు. "నేను హీథర్నండీ. మిసెస్ ప్రాసర్, పెద్దావిడ గారు, ఎలా ఉన్నారు?"

"బాగున్నామండీ," అంది గ్లెనిస్ వెంటనే. "మీ వైపు వానలున్నాయా?"

"అమ్మా!"

"పలకరిస్తే పలకరించొద్దా?"

"సరే, చిన్న మిసెస్ ప్రాసర్. మీరు చెప్పండి. యంత్రం పని మీరు చేసుకోగలరా?"

రోవెనా నవ్వుతూ నోరు తెరిచింది. నవ్వు సగంలో ఆగింది. ఈ మాట గారెత్‌తో ఎన్నడూ అనలేదు. 'నేను చేసుకోగలను' అనే మాట మీదే అతనితో మొదటి కబుర్లు నడిచాయి, పెళ్లి నడిచింది. చెంచా వైపే చూస్తూ చెప్పింది.

"చెక్కగలనండీ. తిప్పలేను. ఎత్తలేను. నా చేతులతో ఒక్క బొమ్మ కూడా అచ్చువెయ్యలేను. మా అత్తగారికి భుజం పోయింది. పొద్దున సరిపోతుందన్నాను, అది నిజం కాదు. నాకు మనిషి కావాలి. నాలుగు రోజులూ కావాలి."

గారెత్ కళ్లు చెమ్మగిల్లాయి. చెయ్యి చాపి ఆమెని పట్టుకోలేదు. చెంచా చెవి దగ్గరే ఉంచి, ఆ సన్నటి గొంతుతోనే అన్నాడు: "రాసుకున్నానండీ."

రోవెనా గుండెల నిండా గాలి పీల్చుకుంది. "రేపు తొమ్మిదింటికి వాళ్ల లైను తెరుస్తారు. తెరవగానే మనం చేస్తున్నాం. ముందు గ్లెనిస్, తర్వాత నేను. ఏం తేలినా సరే, పదింటి లోపు డిపోకి వెళ్లి ఆ కాగితం వెనక్కి తెచ్చుకుంటున్నాం. నేనూ వస్తాను."

"ఏమీ తేలకపోతే?"

"ఆరోగ్య కేంద్రం వాళ్లకి చెప్తాను, అనుకున్న నెలకి సగం బొమ్మలే ఇవ్వగలనని. ఒప్పుకుంటే ఒప్పుకుంటారు. లేకపోతే పని పోతుంది. బస్సు మాత్రం పోదు."

గారెత్ ఖాళీ నిమ్మకాయ ముక్కని పళ్లెం అంచున పెట్టాడు.

గ్లెనిస్ లేచి, అల్మారా మీది అలారం గడియారం దించి, ఎడమచేత్తో ముల్లు తిప్పడం మొదలుపెట్టింది.

"ఎన్నింటికి పెడుతున్నావమ్మా?"

"ఆరింటికి."

"ఫోను తొమ్మిదింటికి కదా!"

"నీ పెళ్లానికి అడగడం ఇప్పుడే వచ్చేసింది," అంది గ్లెనిస్. "నాకు మూడు గంటలైనా పడుతుంది."